తీతువు పాటకు చిందు

ఒక పెద్ద అడవిలో, పెద్దలందరికీ నీడ దొరికాక మిగిలిన గులకరాళ్ల బయలులో గవరమ్మ అనే తీతువు పిట్ట కాపురం ఉండేది. తీతువులు చెట్టు మీద గూడు కట్టవు. నేల మీద నాలుగు రాళ్లు పక్కకు నెట్టి, ఆ గుంటలోనే గుడ్లు పెడతాయి. ఒక పొద్దున ఏనుగు దొరబాబు నీళ్లకు పోతూ ఆ గుంట మీద కాలు వేశాడు. వేసిన సంగతి కూడా అతనికి తెలియదు.

గవరమ్మ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఆ ఏడుపుకు ఒక వరస కుదిరింది.

మన్నే పరుపమ్మా, మబ్బే దుప్పటమ్మా,
ఏనుగు అడుగమ్మా, ఎంత పెద్ద అడుగమ్మా...

తీతువు కూత చెడ్డ శకునమని అడవంతా చెవులు మూసుకుంది. నక్క రామేశం మాత్రం మూసుకోలేదు. అతను అడవి జానపద సంఘానికి కార్యదర్శి. అధ్యక్షుడు దొరబాబే. సంఘం పెట్టి ఏళ్లయినా ఒక్క పాటా ఎవరి నోటా పడలేదు. కార్యదర్శిని మార్చే ఆలోచనలో ఉన్నాడు అధ్యక్షుడు.

"చెల్లెమ్మా, ఈ పాట సంఘానికి ఇచ్చెయ్," అన్నాడు రామేశం.

"పాటెక్కడిదన్నయ్యా, నా ఏడుపది."

"అడవంతా వింటే నీకే మంచిది. విన్నవాడెవడైనా ఇక నీ బయల్లో చూడకుండా కాలు పెడతాడా?"

గవరమ్మ అప్పటికే ఇంకో గుంటలో మళ్లీ గుడ్లు పెట్టింది. వాటి కోసమే ఒప్పుకుంది.

"రెండే మార్పులు," అన్నాడు రామేశం. "ఏనుగు అనొద్దు, అధ్యక్షులవారు నొచ్చుకుంటారు. విధి అను."

"తొక్కింది విధి కాదు కదన్నయ్యా."

"పాటలో ఎవరు తొక్కినా విధే తొక్కినట్టు. ఇంకోటి, చిందు పెట్టాలి. ఎంత పెద్ద అడుగమ్మా అన్నప్పుడల్లా అందరూ కాలెత్తి ధన్‌మని నేలకేసి కొట్టాలి. చిందు లేని పాట ఈ రోజుల్లో ఎవడు వింటాడు?"

పాట అందరి నోటా పడింది. కోతులు కొమ్మల మీద, పందులు బురదలో అదే పాట. చెవులు మూసుకున్నవాళ్లే గవరమ్మను పెళ్లిళ్లకు పిలిచారు. విమర్శకుడు ఎలుగుబంటి సభలో లేచి, ఇందులో గుడ్డంటే గుడ్డు కాదనీ, జీవాత్మ అనీ గంటసేపు వివరించాడు. గుడ్డంటే గుడ్డేనని చెబుదామనుకుంది గవరమ్మ. ఈలోపే చప్పట్లు కొట్టేశారు.

దొరబాబు ఆ పాట విన్నప్పుడల్లా తొండంతో కళ్లు తుడుచుకునేవాడు. "పగవాడికి కూడా వద్దమ్మా ఆ కష్టం," అనేవాడు. చివరికి అభిమానం పట్టలేక సన్మానం చేస్తానన్నాడు. అదీ పాట పుట్టిన బయల్లోనే చెయ్యాలన్నాడు.

ఆ మాట వినగానే గవరమ్మ రామేశం దగ్గరికి ఎగిరి వచ్చింది. "రేపో మాపో పిల్లలు బయటికొస్తాయన్నయ్యా. సన్మానం వేరేచోట పెట్టించు," అని బతిమాలుకుంది.

"పిచ్చిదానా, వచ్చేవాళ్లంతా నీ పాట విన్నవాళ్లే. చూసి నడుస్తారు."

నిజంగానే చూసి నడిచారు. దొరబాబు అయితే వంగి, నేల పరీక్షగా చూసి మరీ ఒక్కో అడుగు వేశాడు. పాట పని చేసిందని గవరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు రామేశం డప్పు మీద దెబ్బ వేశాడు.

"విధి అడుగమ్మా" అని అడవంతా ఎత్తుకుంది. "ఎంత పెద్ద అడుగమ్మా" అనేసరికి అందరి కాళ్లూ లేచాయి. అందరికంటే ఎత్తున లేచింది అధ్యక్షులవారిదే. పాటలో లీనమై కళ్లు మూసుకున్నాడు.

"ఆగండయ్యా, నా గుడ్లు, నా గుడ్లు," అని అరిచింది గవరమ్మ.

కొత్త చరణం బాగుందనుకున్నారు. "నా గుడ్లు, నా గుడ్లు" అని వంత పాడుతూ మాటకొక కాలు వేశారు.

దుమ్ము అణిగాక దొరబాబు తన అరికాలికి అంటిన పెంకులు చూసుకున్నాడు. "ఎవరు చేశారిది?" అన్నాడు. ఎలుగుబంటి నిట్టూర్చి, "విధి," అన్నాడు. అందరి మనసులూ తేలికపడ్డాయి.

ఆ సాయంత్రమే రామేశం రెండో పాట అడగడానికి వెళ్లాడు. బయలు ఖాళీగా ఉంది. రెండో పాట దొరకలేదని దొరబాబు అతని పదవి పీకేశాడు. గవరమ్మ ఇప్పుడు ఏ అడవిలో ఉందో నాకు తెలుసు. మీకు మాత్రం చెప్పను, సన్మానానికి బయలుదేరతారు.

నీతి: మీ పాట విని ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుంటే, ముందు వాళ్ల కాళ్ల వంక చూడండి.