తొమ్మిదో నంబరు నొప్పి

దరఖాస్తు, ఆధార్, ఓటీపీ ఏవీ అడగకుండా నేరుగా ఇంటికే వచ్చి అందే సేవ మన దేశంలో ఒక్కటే ఉంది. అది నొప్పి. దానికి కులమత భేదం లేదు, దళారులు లేరు, ఆదివారం సెలవు కూడా లేదు. అలాంటి నొప్పిని ఎవరు పడితే వారు తగ్గించుకుంటూ పోతే దేశం ఏమైపోవాలి? అందుకే దాన్ని తగ్గించే మందుకు నిబంధనలు పెట్టారు. (ముందు నొప్పికే పెడదామనుకున్నారట. నోటీసు ఎవరికి పంపాలో తెలియక మానుకున్నారు.)

బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్కింటాయన ఎబినేజర్ గారు. రైల్వే వర్క్‌షాపు స్టోర్సులో ముప్ఫయ్ నాలుగేళ్లు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. సరైన సంతకం ఉన్న కాగితం లేనిదే సాక్షాత్తు ఫోర్‌మాన్‌కి కూడా ఒక్క నట్టు ఇవ్వలేదని ఆయనకు పేరు. ఈ మధ్య ఆయన ఎముకల్లోకి క్యాన్సర్ దిగింది. పెద్ద డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాసి, చీటీ మీద ‘నొప్పి: పదికి తొమ్మిది’ అని కూడా వేశాడు.

ఆ చీటీ పట్టుకుని ఎబినేజర్ గారి కూతురు షైని సైకిలెక్కింది. సుభాష్‌పల్లిలో మొదటి షాపువాడు చీటీ చదివి, ముట్టుకోకుండానే వెనక్కి తోసి, “ఆ మాల్ మేం పెట్టం దీదీ” అన్నాడు. రెండో షాపులో మందుంది కానీ లైసెన్సు గడువు తీరింది. కాబట్టి చూపిస్తాను గానీ ఇవ్వనన్నాడు. చూపించాడు కూడా. మూడో షాపులో లైసెన్సుంది, ఫ్రేము కట్టించి దండ వేశారు. మందు లేదు. (ఈ రెండు షాపులకూ మధ్య గోడ ఒకటే.)

నాలుగోది పూరీ గేట్ దగ్గర. అక్కడ మందు, లైసెన్సు, రిజిస్టరు మూడూ ఉన్నాయి. వాటితోపాటు కౌంటర్లో ఫార్మసిస్టు గణపతిరావు ఉన్నాడు. మన తెలుగువాడే.

“పేషెంటేరి?” అన్నాడు.

“మంచం మీదున్నారన్నయ్యా. లెగలేకపోతన్నారు.”

“తీసుకురావాల. ఉన్నాదని నువ్వు సెప్తే ఎలగమ్మా? నొప్పి నీది కాదు కదా.”

ఇందులో ఆయన్ని తప్పు పట్టడానికేమీ లేదు. నొప్పి నిర్ధారణ ఉపశాఖ వారి సర్క్యులర్ పధ్నాలుగు ప్రకారం, చీటీ మీద ఉన్న అంకె, కౌంటరు దగ్గర రోగి స్వయంగా చెప్పిన అంకె ఒకటే కావాలి. తేడా వస్తే ఆ నొప్పి చెల్లదు.

మర్నాడు ఎబినేజర్ గారిని దుప్పటితో సహా బ్యాటరీ రిక్షాలో ఎక్కించి, పక్కన నేను పట్టుకు కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన ప్రభువును పిలిచారు. ఆ రోడ్డు మీద ప్రభువుకు తీరిక ఉండదు.

“అంకుల్, ఇప్పుడు నొప్పి ఎంతున్నాది? ఒకటి నుంచి పది లోపల సెప్పాల” అన్నాడు గణపతిరావు.

ఎబినేజర్ గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. ఏ లెక్కా తొందరపడి చెప్పే మనిషి కాదాయన.

“ఎనిమిది.”

షైనికి పై ప్రాణం పైనే పోయింది. “నాన్నా! తొమ్మిదని సెప్పు.”

“బండి దిగి నిలబడినాక ఒకటి తగ్గినాది తల్లీ. లేంది ఉన్నాదని నా సర్వీసులో ఎప్పుడూ రాయనేదు.”

గణపతిరావు బాధగా రిజిస్టరు మూశాడు. “ఒకటి తేడా వచ్చినాది అంకుల్. డాక్టరు దగ్గర దిద్దించి తేవాల.”

నాకు ఒళ్లు మండిపోయింది. “మనిషి వణికిపోతంటే ఒక్క అంకె కోసం ఏటయ్యా ఇది?” అని అరిచాను. ఎబినేజర్ గారే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఆయన్నేటీ అనకు. కరెక్టుగా సేస్తన్నాడు. ఇలాటోడు మా స్టోర్సులో ఇంకొకడుంటే సాలు.”

గణపతిరావు కళ్లు చెమర్చాయి. (ఇన్నేళ్లలో ఆయన్ని మెచ్చుకున్న రోగి మరొకరు లేరు.)

డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తాడు. ఆ రోజు దాకా ఆగి, షైని చీటీ మీద ఎనిమిది వేయించుకొచ్చింది. ఈలోగా నొప్పి ఆగలేదు, తొమ్మిదికి పోయింది. అనుభవం వచ్చింది కాబట్టి ఈసారి మేం కంగారు పడలేదు. ఒకటి తగ్గేదాకా ఆయన్ని కౌంటరు ముందు నిలబెట్టాం. నలభై నిమిషాలు పట్టింది.

అయిదు రోజులకు సరిపడా మాత్రలిచ్చారు. ఆ సాయంత్రం ఎబినేజర్ గారు గిన్నెడు గంజి తాగి, ఆరు వారాల తర్వాత మొదటిసారి వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. షైని గుమ్మంలో కూర్చుని సంతోషంతో ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచను.

మూడో రోజున, తర్వాతి మాత్రల కోసం ఎప్పుడు రమ్మంటారని షైని గణపతిరావుకు ఫోన్ చేసింది.

“ఇప్పుడెంతున్నాది?”

“రెండన్నయ్యా!”

“చీటీ మీద ఎనిమిదున్నాది. మీరొచ్చి రెండంటే ఎలగమ్మా?”

“మాత్ర ఏసుకుంటన్నారు కాబట్టి రెండు!”

“అదే సెప్తన్నాను. వచ్చే ముందు రోజు ఏసుకోకండి.”

షైని ఒప్పుకోలేదు. అయిదో రోజు మాత్ర, నీళ్లు పట్టుకుని తండ్రి మంచం పక్కన గంటసేపు బతిమాలింది. “రూలు రూలే తల్లీ” అని ఆయన పళ్లు బిగించుకుని పడుకున్నారు.

మర్నాడు పొద్దున ఆయన కేకలకు మా వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. షైని ఏడుస్తూ గణపతిరావుకు ఫోన్ చేసింది. ఆయన ఆ కేకలు శ్రద్ధగా విని, ఈసారి చెల్లుతుందన్నాడు.