నిమిషాల లెక్కన దుఃఖం

హత్యకు గురైనవారి బంధువులు ఇకమీదట ఉచితంగా దుఃఖించవచ్చునని ఊరట విభాగం సగర్వంగా ప్రకటించింది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి మనసు విప్పి ఏడిస్తే చాలు, ఆ ఫీజును విభాగమే తిరిగి చెల్లిస్తుంది. తల్లిదండ్రులకు పన్నెండు సిట్టింగులు, భార్యకు పది, తోడబుట్టినవారికి ఆరు. మేనమామల దుఃఖం పరిశీలనలో ఉంది. స్నేహితులు సొంత ఖర్చుతో ఏడ్చుకోవాలి. ఇంత చక్కగా ఆలోచించిన పెద్దలను పొగడడానికి మనకు మాటలు చాలవు గనుక, ఆ పని కూడా వాళ్లే ప్రకటన చివర రెండు పేరాల్లో కానిచ్చేశారు.

ఈ పథకం కింద దరఖాస్తు పెట్టుకున్న అక్క ఒకామె ఉంది. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ఆమె తమ్ముడు ఒక పెద్ద దుకాణం ముందు బళ్లు నిలిపే చోట కాపలా ఉండేవాడు. దారికి అడ్డంగా కారు పెట్టొద్దన్నందుకు ఒక పెద్దమనిషి ఇనుపరాడ్డుతో అతని తల పగలగొట్టి చంపాడు. అప్పటినుంచి అక్కకు అన్నం సహించదు, కంటిమీద కునుకు లేదు. గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది. కాలర్లు మాత్రం రోజుకు మూడు వందలు కుడుతూనే ఉంది. ఫ్యాక్టరీలో ఊరట విభాగం లేదు మరి.

అప్పు చేసి నాలుగు సిట్టింగులకు వెళ్లింది. ప్రతిసారీ ఆ మాట పెదవి దాకా వచ్చి వెనక్కి పోయేది. కౌన్సెలర్ మంచి మనిషి. "తొందరేం లేదమ్మా, ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడే చెప్పు" అంది. తీరా చెప్పాలనిపించి అయిదోసారి వెళితే, పాత బిల్లులు విభాగంలో మంజూరైతే గాని కొత్త తేదీ ఇవ్వకూడదని పథకం నియమమన్నాడు అక్కడి గుమాస్తా. అక్క నేరుగా ఊరట విభాగానికి నడిచింది.

పరిశీలనాధికారి బల్ల మీద నాలుగు సిట్టింగుల విషయ పట్టిక సిద్ధంగా ఉంది. ఏ నిమిషాన ఏం మాట్లాడిందో కౌన్సెలర్ రాసి పంపాలి. మృతుడి గురించి మాట్లాడిన నిమిషాలకే చెల్లింపు. ఈ నియమం వెనక ఎంతో ముందుచూపు ఉంది. లేకపోతే జనం తమ్ముడి పేరు చెప్పి నడుంనొప్పి గురించి కూడా ఏడ్చేస్తారు.

"మొదటిరోజు పదకొండు నిమిషాలు మీ సూపర్‌వైజర్ని తిట్టారు. అది కోత" అన్నాడు అధికారి. "రెండోరోజు ఇరవై నిమిషాలు అసలు మాట్లాడనే లేదు. ఊరికే కూర్చుంటే మేమెలా ఇస్తామండీ? మూడోరోజు నవ్వినట్టున్నారే?"

"వాడు మొదటి జీతంతో నాకు చెప్పులు కొనుక్కొచ్చాడు సార్. రెండూ ఎడమకాలివే. అది గుర్తొచ్చి..."

"నవ్వు దుఃఖం కిందికి రాదమ్మా."

నాలుగో పట్టికలో ఒకే వాక్యం ఉంది. 'ఏదో చెప్పబోయి ఆగిపోయారు.' అధికారి కళ్లజోడు సవరించుకున్నాడు.

"అసలు దుఃఖం ఇదే అయ్యుంటుంది. ఇది నమోదైతే ఫైలు కదులుతుంది. మొహమాటపడకుండా చెప్పండి. మేమున్నది వినడానికే కదా!"

పక్క బల్ల దగ్గర ఎవరో బిస్కెట్లు నములుతున్నారు. అయినా, ఇన్ని నెలల్లో వింటానన్న అధికారి ఇతనొక్కడే. అక్క నమ్మింది.

"ఆ మధ్యాహ్నం వాడు నాకు ఫోన్ చేశాడు సార్. 'ఒకతను చంపుతానని బెదిరించి వెళ్లాడక్కా, మళ్లీ వస్తాట్ట, భయంగా ఉంది, ఇంటికొచ్చేయనా?' అన్నాడు. 'మధ్యలో వచ్చేస్తే పని పోతుందిరా, అక్కడే ఉండు' అన్నాను. నేనే అన్నాను సార్. 'సరేలే అక్కా' అన్నాడు. ఎప్పుడూ నా మాట విననివాడు ఆ రోజు విన్నాడు."

బల్ల అంచు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అధికారి గడియారం చూసి సమయం వేశాడు, రాసుకున్నది చదివి వినిపించాడు, కింద సంతకం పెట్టించుకున్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్లి అక్క కడుపునిండా అన్నం తింది. గొంతులో అడ్డం తీసినట్టయింది పాపం.

రెండు వారాల్లోనే ఉత్తర్వు వచ్చింది. విభాగం చరిత్రలో ఇంత వేగం లేదు. 'దరఖాస్తుదారు వాంగ్మూలం ప్రకారం, మృతుడు ఆమె సలహా మేరకే ఘటనాస్థలంలో ఉండిపోయినట్టు తేలింది. ఇతరులు కలిగించిన దుఃఖానికే పథకం వర్తిస్తుంది. ఇది స్వయంకృత దుఃఖం అయినందున దరఖాస్తు తిరస్కరించడమైనది. దరఖాస్తుదారుకు విభాగం తరఫున ప్రగాఢ సానుభూతి.' అడిగినవారికి కాదనే అలవాటు విభాగానికి లేదు గనుక, రాడ్డు పెద్దమనిషి తరఫు వకీలుకు కూడా ఆ వాంగ్మూలం నకలు అందింది. అక్క చెప్పిన మాటను ఆయన కోర్టులో గొంతెత్తి చదివాడు.

సంగతి తెలిసి అందరం బుగ్గలు నొక్కుకున్నాం. తోటి కుట్టుపనివాళ్లు, చుట్టాలు, ఇరుగుపొరుగు, ఒకరేమిటి, వరసపెట్టి ఆమె ఇంటికి వెళ్లి ఒకే మాట చెప్పి వచ్చాం. "ఎవరు చెప్పమన్నారే నిన్ను? కడుపులో దాచుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు కదా!" అక్క తల ఊపింది. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంత విలువైన సలహా ఇచ్చి కూడా మనం ఆమె దగ్గర ఒక్క పైసా ఫీజు తీసుకోలేదు.