ఎలీయేజరు మేస్టారి పసుపు కోళ్ళు

ఆ ఉదయం ఎలీయేజరు మేస్టారి పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, కోళ్ళ సంగతి తేల్చాలి, ఎండ ముదరకముందే స్నానం చేసి వరండాలో కూర్చోవాలి. మిషన్ స్కూల్లో డ్రిల్లు మేస్టారుగా చేసి రిటైరైన మనిషాయన. వరసలో నిలబడమంటే నిలబడని పిల్లల్ని తరాల తరబడి నిలబెట్టినవాడికి కోళ్ళొక లెక్కా అని ఆయన ధీమా. ఆ ధీమాకి ఎన్నడూ లోటు రాలేదు. వస్తే గిస్తే ఫలితాలకే వచ్చేది.

కోళ్ళ సంగతేమిటంటే, అవి ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటున్నాయి. వేసవిలో మేస్టారు ఫోన్లో ఏవో వీడియోలు చూసి పెరట్లో ఇనుప వల చుట్టి ఓ దొడ్డి కట్టించాడు. కోళ్ళన్నిటినీ అందులోకి తోలి, పురుగూ పుట్రా తినకుండా పొద్దునా సాయంత్రం శుభ్రమైన నూకలు పోయించాడు. వానలు పట్టేసరికి పెట్టల వీపులు బోడులయ్యాయి. సార్జెంటు అని ఆయన ముద్దుగా పిలుచుకునే పుంజుకైతే తోకే లేకుండా పోయింది.

"తోటంతా తిరిగినన్నాళ్ళూ వీటికి ఏటీ నేదు," అంది భార్య ఫ్లోరెన్స్. "వానకి మనల్ని ఒక గదిలో పెట్టి నూకలు పోస్తే మనమూ పీక్కుంటాం. తలుపు తీసీండి."

"క్రమశిక్షణ లోపించింది, అంతే," అన్నాడు మేస్టారు.

ఆయన తొందరకి కారణం లేకపోలేదు. చింతగరువు చర్చిలో కోతల పండగకి ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి అర్పిస్తారు. ఆరాధన అయ్యాక, ఇచ్చినవాళ్ళ పేరు చదివి ఒక్కొక్కటీ వేలం పాడతారు. ఈసారి మా సార్జెంటుని చూద్దురుగాని అని మేస్టారు సంఘమంతటి ముందూ చెప్పేశాడు. తోక లేని పుంజుని పట్టుకుని సంఘానికి మొదటి పెద్దయిన తను వేదిక ఎక్కితే పిల్లలు కూడా నవ్వుతారు.

అందుకని పసుపూ, కాస్త వేపనూనే నీళ్ళలో కలిపి ప్రతి కోడికీ వీపు నిండా పట్టించాడు. పుండు మానుతుంది, చేదుకి రెండోది ముక్కు పెట్టదు. ఆలోచన మంచిదే. కాకపోతే ముందురోజే, శుభ్రత కోసం, ఆ దొడ్డి కర్రలకీ గట్లకీ చిక్కగా సున్నం కొట్టించాడు. అది ఇంకా ఆరలేదు. పసుపు కోళ్ళు చిరాకుపడి వెళ్ళి తడి సున్నానికి వీపులు రాసుకున్నాయి. పసుపూ సున్నమూ కలిస్తే ఏ రంగు వస్తుందో తెలుగునాట ప్రతి ఆడపిల్లకీ తెలుసు. మేస్టారు మాత్రం చేతుల జిడ్డు కడుక్కోడానికి లోపలికి పోయాడు. జిడ్డు చేతులతో గడియ పడలేదని కూడా ఆయన గమనించలేదు.

తిరిగి వచ్చేసరికి దొడ్డి ఖాళీ. కాఫీ తోటలోంచి కూతలు వింటూ వాలు దిగితే కింద మంగ్లు వాకిలి వచ్చింది. మంగ్లు కొండరైతు, మేస్టారికి పాత శిష్యుడు. కొత్త కొర్రలు ఎండబోస్తున్నాడు. అతని వాకిలి పక్కనే ఊరి అమ్మవారి రాయి. ఆ రాయి చుట్టూ మేస్టారి కోళ్ళు, ఒళ్ళంతా పసుపు, పసుపు మీద ఎర్రటి బొట్లతో, హాయిగా నేల గీరుకుంటున్నాయి. చింతపండు కొనడానికి వచ్చిన రాబిన్ బండి మీదే కూర్చుని వాటినే చూస్తున్నాడు. రాబిన్ కిరాణా కొట్టు యజమాని, సంఘంలో రెండో పెద్ద. మొదటి పెద్ద కావాలని ఆశ ఉన్నవాడు.

"మేస్టారూ, అమ్మవారికి మొక్కేరేటి?" అన్నాడు మంగ్లు మర్యాదగా.

సంఘ పెద్ద ఎవడైనా కొండదేవతకి కోడిని మొక్కితే పెద్దరికం పోతుందని కిందటేడు తీర్మానం జరిగింది. ఎవరూ అడక్కుండానే ఆ తీర్మానం పెట్టింది ఆయనే.

"మావి కావు," అన్నాడు.

మీ పుంజులాగే ఉందే అన్నాడు రాబిన్. మా పుంజు ఇంట్లో ఉందన్నాడు మేస్టారు. మీ పుంజుకీ తోక లేదు గదా అని మంగ్లు గుర్తు చేశాడు. లోకంలో తోక లేని పుంజులు బోలెడు, వీటికీ నాకూ ఏ సంబంధమూ లేదు అని మేస్టారు గొంతు పెంచాడు. సరిగ్గా అప్పుడు సార్జెంటు ఆయన్ని చూసి, మెడ సాచి, తీరుబడిగా కూసింది. ప్రభువెవరో ఎరగనని శిష్యుడు మూడోసారి బొంకగానే కోడి కూసిందని చిన్నప్పుడు ఆదివారం బడిలో విన్న సంగతి గుర్తొచ్చి మేస్టారి చెవులు వేడెక్కాయి.

సాయంత్రం కోళ్ళని తెమ్మని ఫ్లోరెన్స్‌ని పంపాడు. ఆవిడ చాలాసేపటికి ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

"మావి కావన్నారట గదా. మనవి కానివాటిని నేనెలాగ తెత్తాను?"

ఇక లాభం లేదని మర్నాడు మంచు విడకముందే మేస్టారు దుప్పటి కింద బుట్ట దాచుకుని వాలు దిగాడు. సగం దారిలో రాబిన్ ఎదురయ్యాడు. ఇంత పొద్దున్నే ఎక్కడికంటే, ఏం చెప్పాలో తోచక, డ్రిల్లు చేయడానికి అన్నాడు మేస్టారు. మంగ్లు వాకిలి చదునుగా ఉంటుందని కూడా కలిపాడు. అయితే నేనూ వస్తానన్నాడు రాబిన్. రుజువు కోసం మేస్టారు ఆ చలిలో మంగ్లు వాకిట్లో చేతులు పైకీ కిందకీ ఊపక తప్పలేదు. పక్కన రాబిన్ కూడా ఊపాడు. సార్జెంటు అమ్మవారి రాయి మీదెక్కి ఇద్దర్నీ పరిశీలించింది.

అలా ఆ వానాకాలం మేస్టారు ప్రతి ఉదయం బుట్టతో బయలుదేరడం, ప్రతి ఉదయం రాబిన్ దొరకడం, డ్రిల్లు జరగడం మామూలైపోయింది. రాబిన్ తోడు తెచ్చుకున్నాడు. తోడు వచ్చినవాళ్ళు బావమరుదుల్ని తెచ్చారు. కొద్దిరోజులకి సంఘ పెద్దలందరూ తెల్లారకుండా వరసగా కొండ దిగి అమ్మవారి రాయి ఎదుట నిలబడి చేతులెత్తుతున్నారని ఊరంతా పాకింది. మేస్టారికి మాత్రం కోళ్ళ దగ్గరికి నాలుగడుగులు వేసే అవకాశం కూడా చిక్కలేదు. దూరం నుంచే సార్జెంటుని చూసి బెంగపడేవాడు. ఆ పుంజంటే ఆయనకి నిజంగా ప్రాణం.

చివరికి పాస్టరు ఎడ్విన్ అయ్యగారే ఒక ఉదయం దిగి వచ్చారు. ఆయన వచ్చేసరికి పెద్దలందరూ రెండు చేతులూ ఆకాశానికెత్తి ఉన్నారు. అయ్యగారు కాసేపు చూశారు, రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు.

"కోతల పండగనాడు మాటాడదాం, మేస్టారూ," అని గబగబా వెళ్ళిపోయారు. పెద్దరికం పోయినట్టేనని మేస్టారికి అర్థమైంది.

కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి, కోతల పండగ వచ్చింది. గుమ్మడికాయలు, రాజ్మా, అల్లం, అన్నీ వేలం పాటలో పోయాయి. మంగ్లు సంఘస్థుడు కాకపోయినా ఇరుగుపొరుగు మర్యాదకి ఏటా ఏదో ఒకటి తెస్తాడు. ఈసారి ఒక బుట్ట తెచ్చి వేదిక ముందు పెట్టి మూత తీశాడు. సార్జెంటు బయటికొచ్చింది. పసుపు ఎప్పుడో వానలకి కొట్టుకుపోయింది. మెడ నిండా రాగిరంగు ఈకలు, వెనక కొడవలిలా వంగిన నల్లటి తోక. అలాంటి తోక దానికి పుట్టాక ఎన్నడూ లేదు.

ఇది ఎవరి అర్పణ అని అయ్యగారు అడిగారు. నాది కాదు, మా పెరట్లో మేసింది అంతే, అన్నాడు మంగ్లు. ఎవరూ లేవలేదు. పేరు చదవందే పాట మొదలుకాదు గనక, అయితే దీన్ని మధ్యాహ్నం కమిటీ భోజనాల్లో పులుసు పెట్టించేద్దాం అన్నాడు రాబిన్.

మేస్టారు లేచి నిలబడ్డాడు. డ్రిల్లులో నిలబడ్డట్టే నిటారుగా నిలబడ్డాడు.

"నాదే. పసుపు రాసింది నేను, సున్నం కొట్టించింది నేను. రెండూ కలిస్తే ఎర్రబడుతుందని తెలియనిదీ నాకే. మొక్కూ లేదు, గిక్కూ లేదు. భయపడి మావి కావన్నాను. పెద్దరికం తీసీసుకోండి. పుంజుని మాత్రం కొయ్యకండి."

అయ్యగారు మళ్ళీ రుమాలు తీశారు గాని ఈసారి నవ్వు ఆగలేదు.

"మేస్టారూ, అది మీదేనని మా అందరికీ ఎప్పుడో తెలుసు. ఆ సాయంత్రమే ఫ్లోరెన్సమ్మగారు మంగ్లు వాకిట్లోంచి తిన్నగా మా ఇంటికొచ్చి సెప్పేరు. మీ నోట ఎప్పుడొస్తాదా అని సూస్తన్నాం."

మేస్టారు రాబిన్ వైపు తిరిగాడు. నాకూ తెలుసు, కాని డ్రిల్లుతో నడుం నొప్పి తగ్గింది, మానబుద్ధి కాలేదు అన్నాడు రాబిన్.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ మొదటి సాయంత్రం ఫ్లోరెన్స్ వెళ్ళేసరికి కోళ్ళు తోటంతా ఆకులు కెలుక్కుంటూ తిరుగుతున్నాయట. పీక్కోవడానికి వాటికి తీరికే లేదట. మంగ్లు పాత కుండలో పేడా గడ్డీ కుక్కి బోర్లించి, పట్టిన చెదల్ని రోజూ వాటి ముందు దులిపేవాడు, నూనె తీసిన వలిసె గింజల పిండి వేసేవాడు. ఈకలొచ్చేదాకా పంపొద్దని ఆవిడే చెప్పి, ఇంట్లోంచి ఎండుచేపల తలకాయలు మోసింది.

"మరి నాతో ఒక్కమాట చెప్పొచ్చు గదా," అన్నాడు మేస్టారు నొచ్చుకుని.

"మీవి కావన్నారు గదండీ. మీకెందుకని."

పాట మొదలైంది. సార్జెంటుని ఫ్లోరెన్సే పాడి దక్కించుకుంది. ఎదురు పాడటానికి రాబిన్ నోరు తెరిచాడు గాని ఆవిడ చూపు చూసి మూసుకున్నాడు. పెద్దరికం ఎక్కడికీ పోలేదు. భోజనాల దగ్గర మేస్టారు చేయి కడుక్కోకముందే చుట్టూ పదిమందిని పోగేసి, కోళ్ళు ఈకలు పీక్కోకుండా ఉండాలంటే వాటిని ఇరుకున పెట్టకూడదనీ, ఒట్టి నూకలు పొయ్యకూడదనీ, ఇదంతా తాను మొదట్నించీ చెబుతున్నదేననీ వివరించాడు.

ఇనుప వల దొడ్డి ఊరికే పోలేదు. అందులో ఇప్పుడు ఫ్లోరెన్స్ బీరపాదు పెట్టింది, దానికి మేస్టారు క్రమశిక్షణ నేర్పుతున్నాడు. ఆకులు ఒకదాన్నొకటి పీక్కున్నట్టు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.