పరధ్యాన నిర్మూలన మహోద్యమం

దేశంలోని పెద్దవాళ్ళందరినీ ఏడాది తిరిగేలోగా పరధ్యానం నుంచి విముక్తుల్ని చేస్తామని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. కంటి ఆసుపత్రి ప్రారంభోత్సవానికి వెళ్ళి ఈ మాట ప్రకటించడం ఆయనకే చెల్లింది. కళ్ళ గురించి రాసిచ్చిన ఉపన్యాసం రెండో పేజీలో ఉండగా కిటికీ అవతల గాలిపటం ఒకటి కనబడిందనీ, చూపు దాని వెంట పోయిందనీ, తిరిగి వచ్చేసరికి నోట్లో ఈ ఉద్యమం ఉందనీ వేదిక మీదున్నవాళ్ళు చెప్పారు. మహానుభావుల ఆలోచనలు అలాగే పుడతాయి మరి. ఆ హడావుడిలో రిబ్బను కత్తిరించడం మరిచిపోయారు. రోగులు ఇప్పటికీ పక్క గేటులోంచే లోపలికి వెళుతున్నారు.

ఈ ప్రకటన విని అందరికన్నా ఎక్కువ సంతోషించిన మనిషి మంత్రిగారి ఉపన్యాసాలు రాసే గుమస్తా. ఆఫీసులో ఆవిడను ఉపన్యాసాలమ్మ అంటారు. సంతోషానికి కారణం లేకపోలేదు. కూతురు బళ్ళో కుదురుగా కూర్చోవడం లేదని ఆ మధ్య డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పిల్లను నాలుగు ప్రశ్నలు అడిగి, తల్లిని నలభై అడిగింది.

"పాపకు ఏడీహెచ్‌డీ ఉందమ్మా, ధ్యాస ఒకచోట నిలవని జబ్బు. మీకూ ఉంది."

"నాకా? అది చిన్నపిల్లల జబ్బు కదండీ?"

"చిన్నపిల్లలు పెద్దవాళ్ళవుతారు కదమ్మా. చాలామందిలో వాళ్ళతోపాటే ఇదీ పెద్దదవుతుంది. చిన్నప్పుడు బెంచీ మీంచి లేచి మీరు పరిగెత్తేవారు. ఇప్పుడు మీరు కూర్చునే ఉంటారు, బుర్ర పరిగెడుతుంది. అంతే తేడా."

ఉపన్యాసాలమ్మ అక్కడే బావురుమంది. మాడబెట్టిన గిన్నెలు, బస్సుల్లో వదిలేసిన గొడుగులు, ఒక చెయ్యి మాత్రమే కుట్టిన కూతురి గౌను, ఎదుటివాళ్ళ మాట పూర్తవకుండానే దూరి కొనితెచ్చుకున్న తగాదాలు అన్నీ గుర్తొచ్చాయి. వాటన్నిటికీ అత్తగారు ఇన్నాళ్ళూ ఒళ్ళు బద్ధకమని ఒక పేరూ, ఆఫీసువాళ్ళు నిర్లక్ష్యమని ఇంకో పేరూ పెట్టారు. డాక్టరమ్మ మందు రాసిచ్చి, "పనిచేసే చోట తలుపు వేసుకోవడానికి వీలున్న గది ఒకటి అడగండి. ఈ మందెంత ముఖ్యమో అదీ అంతే," అంది.

ఆఫీసులో ఆవిడ సీటు లిఫ్టుకీ, జిరాక్సు మిషనుకీ, టీ బల్లకీ మధ్యలో ఉంది. పనున్నవాళ్ళు అటునుంచే పోవాలి. పనిలేనివాళ్ళు అక్కడే నిలబడాలి. ప్రతివాళ్ళూ ఒక మాట పారేసి వెళతారు, ఆవిడ బుర్ర ఆ మాటను పట్టుకుని వాళ్ళ వెనకే పోతుంది. ఉపన్యాసం ఎప్పుడూ సభ మొదలయ్యాక చేతికొస్తుంది. రాసింది మాత్రం అద్భుతంగా ఉంటుంది, ఆవిడను తీసెయ్యడానికి అదే వచ్చిన చిక్కు. గది కావాలని వెళ్ళి అడిగితే కార్యదర్శిగారు కళ్ళజోడు మీంచి చూశారు.

"ఈరోజు నువ్వు గది అంటావు, రేపు ప్యూను మంచం అంటాడు. అయినా పెద్దవాళ్ళకు ఇలాంటి జబ్బు లేదమ్మా. ఉంటే సర్క్యులర్ వచ్చేది."

"డాక్టరమ్మ చెప్పారండీ..."

"డాక్టరమ్మకు సర్క్యులర్ వచ్చిందా? ఇంకొక్కసారి లేటయిందంటే నీ సీటు తీసి కింది అంతస్తులో పాత కాగితాల గోడౌన్లో వేయిస్తా. జ్ఞాపకం ఉంచుకో."

జ్ఞాపకం ఉంచుకోవడమే కదా ఆవిడ బాధ! ఇప్పుడు సాక్షాత్తూ మంత్రిగారే ఉద్యమం అన్నారు కాబట్టి సర్క్యులర్ రాకపోదని, దాంతోపాటు గదీ రాకపోదని ఆశ పెట్టుకుంది.

మంత్రిగారి కార్యదక్షత గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పకపోతే పాపం తగులుతుంది. ఒక పని పూర్తిచేస్తే మిగతా పనులు నొచ్చుకుంటాయని ఆయన ఏదీ పూర్తిచేయరు. ఎవరైనా సమస్య చెప్పుకోవడం మొదలుపెడితే సగంలోనే పరిష్కారం చెప్పేస్తారు, తరవాత సమస్య వేరే అని తేలుతుంది. ఆయన కళ్ళద్దాలు వెతకడానికి ఒకాయన, ఫోను వెతకడానికి ఒకాయన ఉన్నారు. ఉపన్యాసం దారి తప్పినప్పుడు వెనకనుంచి శాలువా లాగడానికి ఒకాయన ఉన్నాడు. ఈ ముగ్గురికీ గుర్తుచేయడానికి పి.ఏ. ఉన్నాడు. ఇదంతా నాయకత్వ పటిమ. ఇవే లక్షణాలు గుమస్తాలో ఉంటే దానికి మెమో ఇస్తారు, పెద్దవాళ్ళ సంగతి వేరు కదా.

ఉద్యమం ఘనంగా సాగింది. పరధ్యాన నిర్మూలన రథం ఊరేగింపుగా బయలుదేరి దారి మరిచి పక్క జిల్లాకు పోయింది. ఏకాగ్రతా కమిటీ తొలి సమావేశంలోనే ఇంకో మూడు కమిటీలు వేసి, తను ఎందుకు కూర్చుందో మరిచిపోయి లేచింది. ఈ సంరంభంలో ఉపన్యాసాలమ్మకు ఉపన్యాసం మళ్ళీ ఆలస్యమైంది. కార్యదర్శిగారు అన్నంత పనీ చేశారు.

గోడౌన్లో దుమ్ముంది, బొద్దింకలున్నాయి, ఒక బల్ల ఉంది, తలుపుంది. ఉపన్యాసాలమ్మ ఏడుస్తూ వెళ్ళి, తలుపేసుకుని, ముక్కు చీదుకుని, కలం తీసింది. భోజనాల వేళకు ఉపన్యాసం పూర్తయింది! తను పొరబడిందేమోనని మళ్ళీ చదువుకుంది. నిజంగానే పూర్తయింది. ఆ వారమంతా అంతే. చివరిరోజు ఆవిడ గొడుగుతో సహా ఇంటికొస్తే అత్తగారు హడలిపోయి, "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

సమయానికి అందుతున్న ఉపన్యాసాలు చూసి కార్యదర్శిగారు పొంగిపోయారు.

"చూశావా? శిక్ష పడేసరికి జబ్బు ఎగిరిపోయింది. నువ్వు బాగుపడ్డావు కాబట్టి పైకి తెచ్చేస్తున్నాను. ప్రమోషన్ కూడా. ఇకనుంచి మంత్రిగారి పక్కనే నిలబడి, ఆయన సగంలో వదిలేసిన వాక్యాలు పూర్తిచేయాలి."

"వద్దండీ బాబూ! నన్ను అక్కడే ఉండనివ్వండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎంత వినయం!" అని ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

ఉద్యమ విజయోత్సవ సభకు ఉపన్యాసం కూడా ఆవిడే రాయాల్సొచ్చింది. పెద్దవాళ్ళలో ఈ జబ్బు లేదని మంత్రిగారు ప్రకటించాలి, నయమైన మనిషిగా ఉపన్యాసాలమ్మను జనానికి చూపించాలి. ఆ ప్రకటన వెలువడితే ఇక గదీ లేదు, సర్క్యులరూ లేదు, రేపు పెద్దదయ్యే కూతురికీ ఏమీ ఉండదు. లిఫ్టు పక్కన కూర్చుని ఆ వాక్యం రెండుసార్లు కొట్టేసి, మూడోసారికి రాసిచ్చింది. విలేకరులకు ఉపన్యాసం కాపీ, భోజనం పొట్లం ముందే ఇచ్చేశారు కాబట్టి వాళ్ళు సభ మొదలవకముందే ఇళ్ళకు వెళ్ళిపోయారు.

వేదిక ఎక్కేముందు తెర వెనక మంత్రిగారు, ఆవిడ మాత్రమే మిగిలారు. కళ్ళద్దాలాయన, ఫోనాయన ఎవరి వస్తువు కోసం వాళ్ళు పరిగెత్తారు.

"నిజంగా నయమైందా అమ్మా?" మంత్రిగారు గొంతు తగ్గించి అడిగారు.

"లేదండీ. గోడౌన్లో తలుపు వేసుకుంటే పని సాగింది. ఇప్పుడు మళ్ళీ మామూలే."

"చిన్నప్పట్నుంచీ ఉందా?"

"చిన్నప్పట్నుంచేనండీ. మరి మీకు?"

ఆయన అటూ ఇటూ చూశారు. "నన్ను ఎన్ని ఉద్యోగాల్లోంచి తీసేశారో నాకే లెక్క తెలీదమ్మా. చివరికి ఇంక ఏ పనికీ పనికిరానని మావయ్య ఎన్నికల్లో నిలబెట్టాడు."

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నారు. ఈలోగా మైకులో మంత్రిగారి పేరు మోగింది.

"సోదర సోదరీమణులారా! ఈనాడు నేను సగర్వంగా ప్రకటిస్తున్నాను. మన దేశంలో పెద్దవాళ్ళలో ఈ జబ్బు..." అన్నారు మంత్రిగారు. అంతలో అలంకరణలోంచి బెలూన్ ఒకటి ఊడి పైకి లేచింది. ఆయన చూపూ లేచింది. శాలువాయన వెనకనుంచి శాలువా లాగాడు. అది చేతికొచ్చేసింది. కార్యదర్శిగారు ఉపన్యాసాలమ్మకు సైగ చేశారు. పూర్తిచేయాల్సిన మాట ఆవిడ చేతిలోని కాగితంలో ఉంది. కానీ కన్ను కాగితం మీదికి వెళ్ళేలోపే నోరు మైకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ జబ్బు గుణమే అంత.

"ఉందండీ! నాకుంది. మంత్రిగారికి ఇంకా ఎక్కువుంది. మీలో ఎంతమందికుందో ఎవరూ అడగలేదు!"

వాక్యం ఆగితే చప్పట్లు మొదలెట్టాలని కార్యకర్తలకు ముందే చెప్పి ఉంచారు. వాక్యం ఆగింది. చప్పట్లు మారుమోగాయి. మంత్రిగారు కూడా కొట్టారు. మర్నాటి పేపర్లన్నీ 'పెద్దవాళ్ళలో పరధ్యానం లేదు: మంత్రి' అని మొదటి పేజీలో వేశాయి.

కార్యదర్శిగారు మాత్రం చెవులారా విన్నారు. "నీకు గోడౌనే గతి! ఈసారి రిటైరయ్యేదాకా అక్కడే పడి ఉండు!" అని గర్జించారు. ఉపన్యాసాలమ్మ తల బాగా వంచుకుంది. మొహం కనిపిస్తే ఎక్కడ శిక్ష రద్దు చేస్తారోనని ఆవిడ భయం.

కిందికి దిగేసరికి మెట్ల మీద అంతా గందరగోళంగా ఉంది. కళ్ళద్దాలాయన, ఫోనాయన, శాలువాయన, పి.ఏ. నలుగురూ నాలుగు దిక్కులా పరుగులు పెడుతున్నారు. ఉపన్యాసాలమ్మ వాళ్ళను తప్పించుకుని గోడౌను తలుపు తోసింది.

లోపల బల్ల దగ్గర మంత్రిగారు కూర్చుని ఉన్నారు. ముందు ఒక ఫైలు తెరిచి ఉంది.

"చివరి పేజీ దాకా వచ్చానమ్మా! ఇక్కడ కూడా ఏదో రాసి ఉంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలీదు," అన్నారాయన. తరవాత ఆ పేజీలో వేలు అడ్డం పెట్టుకుని తలెత్తి, "ముందు ఆ తలుపు వెయ్యి," అన్నారు.