గిటారా, పియానోనా: పక్కవాద్యాల విభాగంవారి విచారణ

ఒక సమాజం ఎంత నాగరికమైనదో తేల్చడానికి దాని కట్టడాలూ గ్రంథాలయాలూ చూడనక్కర్లేదు. అక్కడ ఒక మనిషి ట్రంపెట్ ఊదాలంటే ఎన్ని ఫారాలు నింపాలో చూస్తే చాలు. ఈ లెక్కన మనం చెప్పుకోబోయే ఊరు నాగరికతలో చాలా దూరం వెళ్ళిపోయింది. ఆ ఊరి పురపాలక సంఘంలో పక్కవాద్యాల నియంత్రణ విభాగం అని ఒకటుంది. అందులో పదకొండుమంది ఉద్యోగులు, ఒక ఉపసంచాలకుడు, ఒక గోడగడియారం ఉన్నారు. (వాద్యం మాత్రం ఒక్కటీ లేదు. ఉంటే పక్షపాతం అంటారని.)

ఆ విభాగంవారి పద్నాలుగో నిబంధన ఇలా చెబుతుంది: పురపాలక మందిరంలో వాయించే చిన్న జాజ్ బృందంలో, ప్రధాన వాద్యం వెనక స్వరాలని గుత్తులు గుత్తులుగా అందించే వాద్యం ఒక్కటే ఉండవలెను. గిటారు అయినా కావచ్చు, పియానో అయినా కావచ్చు. రెండూ కారాదు. ఒకసారి ఒక బృందంలో ఆ రెండూ ఒకే క్షణంలో రెండు వేరువేరు గుత్తులు అందించాయట. ముందు వరసలో కూర్చున్న మేయరుగారు ఎటు తల ఊపాలో తెలియక రెండువైపులా ఊపి, మెడ పట్టేసి, వారం రోజులు ఫైళ్ళన్నీ ఎడమవైపు నుంచే చూశారట.

ఈ నిబంధన వల్ల బాధపడినవాళ్ళు చాలామంది ఉన్నారు. సంతోషించిన మనిషి ఒక్కతే. ఆవిడ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పొద్దస్తమానం "ఊపిరి బిగపట్టండి... ఆఁ, వదలండి" అనడం వల్ల రోగులు ఆవిడకి ఊపిరమ్మ అని పేరు పెట్టారు. సాయంత్రం డ్యూటీ దిగాక ట్రంపెట్ ఊదుతుంది. బృందంలో డ్రమ్ములు వాయించేది ఒక సిటీబస్సు డ్రైవరు. మనిషంత ఎత్తున్న బాస్ అనే తీగల వాద్యం వాయించేది ఒక దర్జీ. గిటారు ఊపిరమ్మ మొగుడిది, పియానో ఆవిడ పిన్నిది. చిక్కంతా ఈ చివరి ఇద్దరితోనే.

మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజుకి ఓ ముప్ఫై మాటలు మాట్లాడతాడు, అందులో పది "ఊఁ"లు. గిటారు కూడా అలాగే వాయిస్తాడు. చిక్, చిక్, చిక్, చిక్ అని తాళానికి నాలుగు దెబ్బలు. అవి ఉన్నంతసేపూ ఎవరికీ పట్టవు, ఆగితే మాత్రం కాళ్ళ కింద నేల జారినట్టుంటుంది.

పిన్ని ప్రధానోపాధ్యాయినిగా చేసి రిటైరైంది. ఊపిరమ్మకి ఏడో ఏట తల్లి పోతే తెచ్చి పెంచింది. పియానో ముందు కూర్చోబెట్టి స్వరాలు నేర్పింది, పన్నెండో ఏట ట్రంపెట్ కొనిపెట్టింది, ఆ తర్వాత ఇరుగుపొరుగు వాళ్ళతో ఒంటరిగా యుద్ధం చేసింది. అంత మంచి మనిషికి ఒకే ఒక్క అలవాటు ఉంది. ఎదుటివాళ్ళ మాట తనే పూర్తిచేస్తుంది.

"పిన్నీ, ఇవాళ నాకు..."

"తలనొప్పి. పొద్దున్న కాఫీ తాగలేదు. బల్లమీద ఉంది, తాగు."

ఊపిరమ్మ చెప్పబోయింది తలనొప్పి గురించి కాదు. కానీ కాఫీ తాగాక నిజంగానే కాస్త తలనొప్పి తగ్గినట్టుండేది. పియానో దగ్గరా ఇదే వరస. ట్రంపెట్ పాటలో ఒక పాదం ఎత్తుకుని కాస్త ఊపిరి తీసుకునేలోపు, పిన్ని పది వేళ్ళూ కలిసి ఆ పాదాన్ని అందంగా, తప్పుల్లేకుండా ముగించేసేవి. ఊపిరమ్మ ట్రంపెట్ పెదాల దగ్గరే పెట్టుకుని నిలబడిపోయేది. దానిమీద గిటారు చిక్కుచిక్కులు కూడా పడితే మధ్యలో సూది దూర్చడానికి సందుండేది కాదు.

"ఒకే స్టాపులో రెండు బస్సులు ఆగితే జనం దేంట్లోనూ ఎక్కరమ్మా," అన్నాడు డ్రైవరు ఒకరోజు. దర్జీ తీగ సవరిస్తూ తలూపాడు.

ఊపిరమ్మకి తెలుసు. తన ట్రంపెట్‌కి కావలసింది గిటారే. కానీ ఆ మాట పిన్నితో అనడం ఎలా? అనబోతే పిన్నే పూర్తిచేస్తుంది, అదీ తప్పుగా. అలాంటి సమయంలో పద్నాలుగో నిబంధన దేవుడు పంపినట్టు వచ్చింది. ఆఫీసువాళ్ళే ఒకదాన్ని తీసేస్తే తన చేతికి మట్టి అంటదు. మందిరంలో ఆదివారం మధ్యాహ్నం నలభై నిమిషాల కచేరీకి దరఖాస్తు పెడుతూ, పక్కవాద్యం గడిని ఖాళీగా వదిలేసింది.

దరఖాస్తులు తీసుకునే యాప్ పేరు 'సులభవాద్యం'. దానికి ఖాళీలంటే పడదు. ఆ గడిలో తనంతట తనే అకార్డియన్ అని నింపుకుంది. మర్నాడే ఫోన్ మోగింది: మీ అకార్డియన్ వాద్యకారుడు ఫొటో దిగడానికి ఇంకా రాలేదు, వెంటనే పంపవలెను.

ఊపిరమ్మ సెలవు పెట్టి రెండో నంబరు కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

"మా బృందంలో అకార్డియన్ లేదండీ."

గుమాస్తా తెర వైపు చూశాడు. "ఇక్కడ ఉందిగా."

"అది యాప్ పెట్టుకుందండీ. నేను పెట్టలేదు."

"ఎవరు పెట్టినా, ఇప్పుడు తియ్యాలంటే ఆయన రాజీనామా ఇవ్వాలి."

"ఎవరు?"

"అకార్డియన్ ఆయన."

"ఆయన లేడండీ!"

"లేనివాళ్ళకి ఏడో నంబరు కాయితం వేరే ఉంది," అంటూ గుమాస్తా సొరుగు లాగాడు. ఊపిరమ్మ అక్కడే నిలబడి, చేతిరాత మార్చి, 'వ్యక్తిగత కారణాలవల్ల' బృందాన్ని విడిచిపోతున్నానని రాసి సంతకం గీకింది. గుమాస్తా అది చదివి నిట్టూర్చాడు.

"పాపం. బాగా వాయించేవాడా?"

"ఎవరికీ అడ్డొచ్చేవాడు కాదండీ," అంది ఊపిరమ్మ. అన్నాక తనకే కాస్త దిగులేసింది. "ఇక గిటారో పియానోనో మీరే ఏదో ఒకటి ఖాయం చేసెయ్యండి, బాబూ."

"మేమా? మాకేం తెలుస్తుందమ్మా సంగీతం?" గుమాస్తా నిజంగానే నొచ్చుకున్నాడు. "తొమ్మిదో నంబరు ఫారం తీసుకోండి. ఏది వద్దో, ఎందుకు వద్దో ముప్ఫై ఏడు మాటల్లో రాయండి. పైన ఎర్ర సిరాతో 'గోప్యం' అని ఉంటుంది, భయం లేదు."

ఆ ఎర్ర సిరా చూసి ఊపిరమ్మకి ధైర్యం వచ్చింది. ఇరవయ్యేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్నదంతా వరండా బెంచీమీద కూర్చుని రాసేసింది. లెక్కపెడితే సరిగ్గా ముప్ఫై ఆరు మాటలు వచ్చాయి. ఒకటి మిగిలిందని 'క్షమించు' అని కలిపింది.

పది రోజుల తర్వాత ముగ్గురికీ నోటీసులు వచ్చాయి. ఊపిరమ్మ దరఖాస్తుదారు. మొగుడు ఒకటో ప్రతివాది, పిన్ని రెండో ప్రతివాది. వాద్యాలతో సహా పదకొండు గంటలకి విచారణకి హాజరు కావలెను. (పియానో మోసుకురాలేనివారు దాని ఫొటో తేవచ్చును.) పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుని, ఫొటో సంచిలో పెట్టుకుని, "ఏదో సంతకాలకై ఉంటుందిలే" అంటూ అందరికంటే ముందే వచ్చి కూర్చుంది.

ఉపసంచాలకుడు కళ్ళద్దాలు పెట్టుకుని, తొమ్మిదో నంబరు ఫారం పైకి తీశాడు.

ఊపిరమ్మ కుర్చీలోంచి లేచింది. "అయ్యా, అది గోప్యమండీ!"

"అవునమ్మా. కాయితం గోప్యం. ఎవరికీ చూపించం," అంటూ ఆయన కాయితాన్ని తనవైపు తిప్పుకుని, అందరికీ వినపడేలా చదివాడు.

"'పియానో వద్దు. పిన్ని నా మాట ఎప్పుడూ పూర్తి కానివ్వదు. పాటలోనూ అంతే. నేను ఊపిరి తీసుకుంటే అయిపోయిందనుకుంటుంది. అయిపోలేదు. నేను చెప్పబోయేది తనకి తెలుసనుకుంటుంది. తెలియదు. నాకు బతుకిచ్చిన మనిషి, ఈ మాట ఎదురుగా అనలేను. గిటారు తక్కువ మాట్లాడుతుంది. అది వెనకుంటే నేనేం అనుకుంటున్నానో నాకు వినపడుతుంది. క్షమించు.'"

మొగుడు గిటారు మెడ పట్టుకుని సీలింగు ఫాను కేసి చూస్తున్నాడు. పిన్ని నోరు తెరిచింది. మూసేసింది. ఊపిరమ్మ తన జీవితంలో ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి జరగడం చూడ్డం అదే మొదటిసారి.

"ప్రతివాదులు వాయించి చూపించవచ్చు," అన్నాడు ఉపసంచాలకుడు.

ముందు ట్రంపెట్, గిటారు. నాలుగు చిక్కులు పడ్డాయో లేదో, పక్కగదిలో జనన మరణాల విభాగంవారు తలుపు కొట్టారు: చప్పుడుకి ఒక పుట్టిన తేదీ తప్పు పడిందట. ఉపసంచాలకుడు గిటారు పేరు ఎదురుగా ఎర్ర గీత గీశాడు.

"పియానో?"

పిన్ని ఫొటో తియ్యలేదు. కుర్చీ బల్లదగ్గరికి లాక్కుని, ఫైళ్ళు కాస్త పక్కకి జరిపి, వేళ్ళు బల్ల చెక్కమీద ఆనించింది. "నువ్వు వాయించవే," అంది మెల్లగా.

ఊపిరమ్మ ట్రంపెట్ మూతికి చప్పుడు తగ్గించే మ్యూట్ బిగించి, మొదటి పాదం ఎత్తుకుంది. ఎత్తుకుని, అలవాటుకొద్దీ భయపడుతూ, ఊపిరి తీసుకుంది. పిన్ని వేళ్ళు కదల్లేదు. ఆగి ఉన్నాయి. ఊపిరమ్మ ఆ పాదం తనే ముగించింది. ఇరవయ్యేళ్ళలో ఆ ముగింపు ఎలా ఉంటుందో తను కూడా వినలేదు. అప్పుడు పిన్ని రెండే రెండు వేళ్ళతో బల్లమీద చిన్నగా తాకింది. శబ్దం లేదు. అయినా ఏ స్వరమో ఊపిరమ్మకి వినపడింది. రెండో పాదం మొదలుపెట్టేసరికి ఆవిడకి నీళ్ళు నిండి కళ్ళు కనపడ్డం లేదు.

ఉపసంచాలకుడు ఆసాంతం విని, గుమాస్తాకి చెప్పి రాయించాడు: "పియానో. శబ్దం: లేదు. అభ్యంతరం: లేదు. పియానో మంజూరు. గిటారు తిరస్కరణ."

ముగ్గురూ మెట్లమీదకి వచ్చి నిలబడ్డారు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?" అంది పిన్ని.

"చెప్పబోతే నువ్వు..."

పిన్ని పెదాలు కదిలాయి. పళ్ళు బిగపట్టి ఆగింది. చాలాసేపు ఆగింది. చివరికి ఊపిరమ్మే నవ్వేసింది.

"...పూర్తిచేసేదానివి, పిన్నీ."

"నేను 'కోప్పడతావని' అంటావనుకున్నాను," అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ. "చూశావా, తప్పే. అల్లుడూ, ఈ కచేరీ నీది. నేను అప్పీలు పెట్టి తప్పుకుంటాను."

మొగుడు ఊఁ అనలేదు. "అత్తయ్యా, మీరు బల్ల చాలా బాగా వాయించారు," అన్నాడు. అది ఆ నెలలో అతని అతి పెద్ద వాక్యం.

అప్పీలు తేలడానికి తొంభై రోజులు పడుతుందన్నారు. కచేరీకి తొమ్మిది రోజులుంది. అందుకని మందిరంలో పిన్నే తప్పదు. ఇంట్లో సాధనకి మాత్రం పాటకొకరు చొప్పున వంతులు వేసుకున్నారు. తన వంతు కానప్పుడు పిన్ని చేతులమీద కూర్చునేది. తన వంతు వచ్చినప్పుడు పదింట్లో నాలుగు వేళ్ళే వాడేది. పాటలో ఇప్పుడు ట్రాఫిక్కు తగ్గిందనీ, హారన్ కొట్టకుండా వెళ్ళొచ్చనీ అన్నాడు డ్రైవరు. దర్జీ మొదటిసారి నోరు విప్పి, "బాగుంది" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మందిరం నిండింది. మొగుడు నాలుగో వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పిన్ని వెళ్ళి పెద్ద పియానో మూత ఎత్తబోయింది. తనిఖీ అధికారి ఒకాయన పరుగున వచ్చి ఆ మూతమీద చెయ్యి పెట్టాడు.

"అమ్మా, ఉత్తర్వు పూర్తిగా చదివారా? 'విచారణలో వాయించిన విధముగానే వాయించవలెను' అని ఉంది. విచారణలో శబ్దం లేదని రాశారు."

"అంటే మూత తియ్యకుండానా?"

"తీస్తే అది వేరే వాద్యం అవుతుందమ్మా. మళ్ళీ దరఖాస్తు పెట్టాలి."

ఊపిరమ్మ పిన్ని వైపు చూసింది. పిన్ని ఒక్క క్షణం ఆలోచించి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మూసిన మూత ముందే కూర్చుంది. నలభై నిమిషాలూ ఆ నల్ల చెక్కమీద, ఎక్కడ కావాలో అక్కడ, రెండు వేళ్ళో మూడు వేళ్ళో ఆనించింది. మిగతా సమయమంతా పెంచిన కూతురిని చూస్తూ ఆగింది. ఊపిరమ్మ అలా ఎన్నడూ ఊదలేదు. ప్రతి పాదమూ తనదే, ప్రతి ముగింపూ తనదే. చివరి పాటకి జనం లేచి నిలబడ్డారు. కొందరు ప్రత్యేకంగా వచ్చి, పియానో ఆవిడ ఎంత పొందిగ్గా వాయించారో అని పిన్నికి దణ్ణం పెట్టి మరీ వెళ్ళారు.

తనిఖీ అధికారి నివేదిక వారం తిరక్కుండా ఇంటికి వచ్చింది. పియానో ఆద్యంతం నిబంధనలకు లోబడి ఉన్నదనీ, ఈ విభాగం చరిత్రలో ఒక్క ఫిర్యాదూ రాని మొదటి పక్కవాద్యం ఇదేననీ అందులో మెచ్చుకున్నారు. వచ్చే ఏడాది నుంచి ట్రంపెట్ కూడా అదే పద్ధతిలో వాయించవలసిందిగా సిఫారసు చేశారు.