మిడత మనిషిని ఏ వరుసలో చూడాలి?

సినిమా చూడటం వ్యసనం. దాన్ని ఏ వరుసలో చూడాలో తేల్చుకోవడం శాస్త్రం. మొదటిదానికి కళ్లుంటే చాలు, రెండోదానికి బుర్ర కావాలి. బి.ఏ. సెకండ్ క్లాసులో పాసై, ఆ చదువుని ఇరవయ్యేళ్లుగా మిరపతోటలో వాడుకునే దారి దొరక్క తిరుగుతున్న నాలాంటివాడికి ఇంతకంటే తగిన పని ఇంకేముంది?

అందుకే, ఒకే కథని అయిదు సినిమాలుగా తీసి, వాటిని ముందూ వెనకా చేసి వదిలిన ఇంగ్లీషువాళ్లకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

వాళ్ల వీరుడి పేరు మిడత మనిషి. మా ప్రత్తిపాడు చుట్టుపక్కల మిడత కనపడితే మందు కొడతాం. అక్కడ మాత్రం అది ఒక కుర్రాణ్ణి కరిచిందట, వాడు ఆకుపచ్చ బట్టలేసుకుని మేడ మీంచి మేడ మీదికి దూకుతూ లోకాన్ని కాపాడతాడట. మొదటి మూడు భాగాలూ బుద్ధిగా వచ్చాయి. నాలుగోదాంట్లో వాడి చిన్నతనం చెప్పారు. అయిదోది, రెండుకీ మూడుకీ మధ్య జరిగిన కథ. అన్నీ తెలుగులోకి దిగాయి.

మరిప్పుడు ఏది ముందు చూడాలి? చూశారా, అప్పుడే మీ బుర్ర కూడా కదిలింది! నేను చెప్పే మేలు ఇదే.

రెండు వేల ఏడు జనవరి ఆఖర్లో ఈ శాస్త్రం మా ఇంట్లో అడుగుపెట్టింది. మా అమ్మాయి అఖిల గుంటూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. హాస్టల్ వాళ్లు నెలకొక ఔటింగ్ ఇస్తారు. శనివారం మధ్యాహ్నం వదులుతారు, ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా గేటు లోపల ఉండాలి. నిమిషం దాటితే వచ్చే నెల ఔటింగ్ ఉండదు.

ఆ శనివారం బస్సు దిగుతూనే పిల్ల ఒకే ఒక్క కోరిక కోరింది.

"నాన్నా, మిడత మనిషి మూడో భాగం తెప్పించవా? సోమవారం రాత్రికి నేను చెప్పాలి."

"ఎవరికి?"

"మా రూములో వాళ్లకి."

వాళ్ల గదిలో ఎనిమిది మంది. టీవీ లేదు, ఫోన్ లేదు. అందుకని పిల్లలు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఔటింగ్‌కి వెళ్లినప్పుడు వంతు వచ్చిన పిల్ల ఇంటి దగ్గర ఒక భాగం చూసి రావాలి. వచ్చాక మిగతా ఏడుగురికీ చెప్పాలి. మొదటి భాగం వినుకొండ పిల్ల అమూల్య చెప్పింది, మంచం మీంచి మంచం మీదికి దూకి మరీ. రెండోది అమరావతి నుంచి వచ్చే రాజరాజేశ్వరి చెప్పింది. మూడోది మా అమ్మాయి వంతు.

"మొదటి రెండూ చూడకుండా మూడోది ఎలా చూస్తావమ్మా?" అన్నాను.

"విన్నాను కదా నాన్నా."

"వినడమూ చూడటమూ ఒకటేనా?"

నేను చదువుకున్నవాణ్ణి. నా కూతురు కథని మధ్యలోంచి చూస్తానంటే ఊరుకోగలనా? మీరైతే ఊరుకుంటారా? బస్టాండు పక్కనే ఉన్న హుస్సేన్ సాహెబ్ సీడీల షాపులో అయిదు భాగాలూ తీసుకున్నాను. భాగానికి రెండు డిస్కులు, మొత్తం పది.

"ఏది ముందు చూడమంటావు సాయిబూ?" అనడిగాను.

"గీతలు లేనివి ముందు చూడండి. ప్లేయర్ వేడెక్కాక గీతలున్నవి పెట్టండి, అప్పుడది తప్పులు పట్టదు" అన్నాడాయన. వీడియో క్యాసెట్ల కాలం నుంచీ ఇరవయ్యేళ్ల అనుభవం. దాన్ని కూడా కాగితం మీద రాసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మా బావ బుల్లయ్య కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. సంగతి చెప్పగానే పార పక్కన పడేసి వచ్చి కూర్చున్నాడు.

"నాలుగోదే ముందు చూడాలి" అన్నాడు.

"ఎందుకని?"

"వాడు ఎవరి కొడుకో, ఎక్కడ పెరిగాడో తెలియకుండా వాడి గొడవలన్నీ మనకెందుకయ్యా? సంబంధం చూసేటప్పుడు కూడా ముందు ఇల్లు చూసి, తర్వాతేగా కుర్రాణ్ణి చూసేది?"

"బావా, పత్తిలో తొలి తీత ఎప్పుడూ తొలి తీతే. ముందొచ్చింది ముందు ఏరాలి. ఇదీ అంతే, వచ్చిన వరుసలోనే చూడాలి."

"తొలి తీత వాన కొట్టిన ఏడు నువ్వేం చేశావు? మలి తీత నుంచేగా మొదలుపెట్టావు?"

ఆ మాట నిజమే. అందువల్ల గొంతు పెంచాను. సాయంత్రం ఆరింటి దాకా వాదించుకున్నాం. ఆరింటికి కరెంటు పోయింది. కరెంటు లేకపోతే సినిమా ఆగుతుంది గానీ చర్చ ఆగదు. వరుస తేల్చుకోవడంలో ఉన్న గొప్ప లాభాల్లో ఇదొకటి. ప్లేయర్ అరగదు, కళ్లు చెడవు, బిల్లు రాదు. మనిషికి వాదించే గొంతూ, ఎదుట ఇంకో మొండివాడూ ఉంటే చాలు.

అఖిల రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లింది. మూడోసారి వాళ్లమ్మ లక్ష్మీదుర్గ వచ్చింది.

"పిల్ల అడిగిందేదో పెట్టి చూపించకూడదూ?"

"అది వరుస కాదు లక్ష్మీ."

"ఏడ్చినట్టే ఉంది మీ వరుస" అని లోపలికి పోయింది. ఆమె పదో తరగతి దగ్గర ఆగిపోయింది. ఆ మాట ఆమెతో అనలేదు, నాకూ ప్రాణం మీద తీపి ఉంది.

ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా మళ్లీ కరెంటు కోత. నేను ఒక పట్టిక గీశాను. అడ్డంగా భాగాలు, నిలువుగా కారణాలు. బుల్లయ్య వరుసకి ఒక గడి, నా వరుసకి ఒక గడి, హుస్సేన్ సాహెబ్ గీతల వరుసకి ఒక గడి. పిల్ల నా పక్కనే కూర్చుని, తలకి నూనె రాయించుకుంటూ ఆ పట్టికనే చూస్తోంది.

"నాన్నా, ఇవాళ సాయంత్రం నాలుగింటికి నేను బయల్దేరాలి."

"అందుకేగా ఇంత తొందరగా చేస్తున్నాను."

ఒంటిగంటన్నరకి తేలింది. మొదట ఒకటి, తర్వాత రెండు, ఆ మీదట అయిదు, అప్పుడు మూడు, చివరికి నాలుగు. కథా చెడదు, గుట్టూ ముందే బయటపడదు, నా వరుసా పూర్తిగా నెగ్గలేదు కాబట్టి బుల్లయ్య పరువూ నిలబడుతుంది. ఇలాంటి తీర్పు సుప్రీంకోర్టు కూడా ఇవ్వలేదు! ఒకటే చిక్కు. ఆ లెక్కన మూడోదాని దాకా రావాలంటే ముందు మూడు సినిమాలు చూడాలి, ఏడున్నర గంటలు. చేతిలో రెండున్నర గంటలున్నాయి.

"మరేం ఫర్వాలేదు. ఇవాళ మొదటిది చూద్దాం. వచ్చే ఔటింగ్‌కి రెండోది, ఆ పైదానికి అయిదోది" అన్నాను.

"అప్పటికి పరీక్షలు నాన్నా."

"అయితే ఎండాకాలం."

పిల్ల వెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చుంది. నేను మొదటి భాగం, మొదటి డిస్కు పెట్టాను. మిడత కరిచే లోపలే అఖిల వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది. హాస్టల్లో రోజూ నాలుగున్నరకి లేపుతారట. సినిమా మొత్తం నేనూ బుల్లయ్యా చూశాం. చివర్లో ఆయన "మనమైతే వీణ్ణి ఒక్క స్ప్రేతో పడగొడుదుం" అని లేచి కల్లంలోకి వెళ్లాడు.

గుంటూరు బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. నేను వరుస గొప్పతనాన్ని ఇంకోసారి వివరించాను. ఏటుకూరు దాటాక అడిగాను.

"మరి రేపు వాళ్లకి ఏం చెప్తావమ్మా?"

"ఏదో ఒకటి చెప్తాలే నాన్నా."

రెండు వారాల తర్వాత విజిటింగ్ ఆదివారం. ఇరవై నిమిషాలు మాట్లాడనిస్తారు. సున్నుండల డబ్బా పట్టుకుని వేపచెట్టు కింద నిలబడ్డాను. అఖిల వచ్చింది. దాని వెనకే మిగతా ఏడుగురూ వచ్చారు. నన్ను ఎగాదిగా చూసి ఒకళ్లనొకళ్లు గిల్లుకుంటున్నారు.

"అంకుల్, బుల్లయ్య గారు రాలేదా?" అంది ఒక పిల్ల. మంచాలు దూకే అమూల్య ఆవిడేనట.

నాకు అర్థం కాలేదు.

"గడులు గీసిన కాగితం తెచ్చారా అంకుల్?" అంది ఇంకో పిల్ల.

అప్పుడు అర్థమైంది. మా అమ్మాయి మాట తప్పలేదు. సోమవారం రాత్రి మూడో భాగం చెప్పింది. అందులో మిడత లేదు, మేడలు లేవు. ఒక కల్లం, ఒక పార, ఒక సాయిబు, గీతలు పడ్డ డిస్కులు, గడులు గీసే ఒక బి.ఏ. మనిషి. కథ రెండు రాత్రులు నడిచిందట. మొదటి రెండు భాగాలకంటే ఇదే బాగుందని రాజరాజేశ్వరి తీర్పు.

"మీరు విలన్‌గా బాగా చేశారండీ" అంది ఆ పిల్ల మర్యాదగా.

అందరికంటే చిన్నగా ఉన్న ఒక పిల్ల మాత్రం నవ్వకుండా ముందుకొచ్చింది. "అంకుల్, చివరికి ఆ అమ్మాయికి సినిమా చూపించారా లేదా? అఖిల చెప్పట్లేదండీ. ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకోమంటోంది."

నేను సున్నుండల డబ్బా మూత తీశాను. వాళ్లు తలా ఒకటి తీసుకుని వెళ్లిపోయారు. అఖిలా నేనూ మిగిలాం. మనిషి కాస్త చిక్కింది. కళ్ల కింద నల్లగా ఉంది. నాకు చాలా అడగాలనిపించింది. కానీ నేను పద్ధతి గల మనిషిని, ఏదైనా ఒక వరుసలో అడగాలి. ముందు వీక్లీ టెస్టులో మార్కులు అడిగాను. తర్వాత ర్యాంకు. తర్వాత ఫిజిక్స్ ఎందుకు తగ్గిందని. తర్వాత పరీక్షల తేదీలు.

"బాగున్నావా అమ్మా" అనేది అయిదోది. దాని దాకా వచ్చేసరికి వాచ్‌మన్ గంట కొట్టాడు.