చీకటికి దరఖాస్తు

మానవజాతి ఇంతవరకు సాధించిన వెలుతురునంతా కాపాడే బాధ్యత జంషెడ్‌పూర్‌లోని మా పరిశోధన కేంద్రం భద్రతా విభాగానిదే. అందుచేత మా దగ్గర వెలుతురు అడక్కుండానే దొరుకుతుంది. చీకటి కావాలంటే మాత్రం మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. (కరెంటు పోయినప్పుడు వచ్చే చీకటికి ఈ నిబంధన వర్తించదు. దాని మీద ఎవరి సంతకమూ ఉండదు కనుక.)

నేను అక్కడ ప్రాజెక్టు అసిస్టెంటును. మెదడు కణాల మీద నికోటిన్ వచ్చి కూర్చునే పీటలు కొన్ని ఉంటాయి. వాటిని గ్రాహకాలంటారు. అటువంటి కణాలను గాజు పళ్ళెంలో పెంచి, నికోటిన్ చుక్క వేస్తే పీట నిండగానే కణం మినుకుమనేలా మేం తయారుచేసుకున్నాం. ఆ మినుకు మన కంటికి ఆనదు. దాన్ని పట్టుకోవడానికి వేలిగోరంత సిలికాన్ డిటెక్టరు ఉంది. పాపం, అది అడిగేది ఒక్కటే, కటిక చీకటి.

ఇందులో నా సొంత పని కూడా ఒకటుంది. మా నాన్న సూర్యం ముప్ఫయ్యేళ్ళుగా ఉక్కు కార్ఖానాలో కాంట్రాక్టు పని చేస్తున్నాడు, ముప్ఫయ్యేళ్ళుగా ఖైనీ నములుతున్నాడు. ఆ పొగాకులో ఉండేదీ నికోటినే. ఈ మధ్య బుగ్గ లోపల తెల్ల మచ్చ కనబడింది. డాక్టరు వెంటనే మానమన్నాడు. నాన్న ఆ భారం నా మీద పెట్టాడు.

"ఒగ్గేత్తానే హేమా, నానేటి కాదన్నానా? అది నా బుర్రలోకెల్లి ఏటి సేత్తందో నీ మిషన్లో సూపించు. ఆ రోజే ఖైనీ డబ్బీ అట్టుకెల్లి సుబర్ణరేఖ ఏట్లో పడేత్తాను."

మా చివరి విడత కణాలు తొమ్మిది రోజులు బతుకుతాయి. ఆ తరువాత ప్రాజెక్టూ ఉండదు. అందుకని మొదటి రోజు పొద్దున్నే దరఖాస్తు ఇచ్చాను.

భద్రతాధికారి భానుప్రకాష్ గారు కార్ఖానాలో సేఫ్టీ చూసి రిటైరై మా దగ్గరకు వచ్చారు. ఎక్కడ బల్బు మాడితే అక్కడ మనిషి పడతాడని కళ్ళారా చూసినవారు. చెడ్డవారు కాదు.

"ఏటమ్మా ఇది? నలభై నిమిషాలు సీకటి కావాలా?"

"డిటెక్టరుకండి."

"దానికెందుకూ సీకటి?"

"వెలుతురు చూడ్డానికండి."

ఆయన కళ్ళజోడు తీసి నా వంక చాలాసేపు చూశారు. "ఇంటికాడ అందరూ బాగున్నారా తల్లీ?" అన్నారు.

నాలుగో రోజున కమిటీ కూర్చుని చీకటిని సూత్రప్రాయంగా ఆమోదించింది. చీకటి గదిలో ఉన్నవారు హెల్మెట్టు పెట్టుకోవాలి. పెట్టుకున్నట్టు కెమెరాలో కనబడాలి. కెమెరాకు కనబడాలంటే లైటు ఉండాలి. (సదరు లైటు చీకటి భద్రత కోసమే గనుక దాన్ని చీకటిలో అంతర్భాగంగా పరిగణించవలెనని మినిట్స్‌లో రాశారు.)

ఆరో రోజున భానుప్రకాష్ గారు స్వయంగా టార్చి పట్టుకుని చీకటిని తనిఖీ చేయడానికి వచ్చారు. నాలుగు మూలలకూ టార్చి వేశారు, బల్ల కింద కూడా వేశారు.

"ఏదమ్మా సీకటి? నాకెక్కడా అగుపడ్లేదే!"

చీకటి లభ్యం కాలేదని రాసుకుని, మళ్ళీ దరఖాస్తు పెట్టమన్నారు. పెట్టాను.

తొమ్మిదో రోజున అనుమతి వచ్చింది. డిటెక్టరుకు సరిగ్గా పైన, కెమెరా కోసం, పచ్చ లైటు బిగించి వెళ్ళారు. నాతో పనిచేసే అర్పిత దాన్ని చూసి తల పట్టుకుంది.

"అరే హేమా, బల్బ్ నికాల్ దే నా! కౌన్ దేఖేగా?"

"బల్బు తీసేస్తే కెమెరా చూస్తుంది," అన్నాను. నేను చిన్నప్పటి నుంచి ప్రశ్నాపత్రం మీది సూచనలన్నీ చదివాకే కలం పట్టినదాన్ని. బల్బు ముట్టుకోలేదు.

నికోటిన్ వేయకముందు కొలత చూశాను, గరిష్ఠం. వేశాక చూశాను, గరిష్ఠం. వట్టి నీళ్ళు వేసి చూశాను, అదీ గరిష్ఠమే. సాయంత్రానికి కణాలు చనిపోయాయి.

లైటు వల్ల కొలత చెల్లదని రాద్దామని ఫలితాల పోర్టల్ తెరిచాను. అందులో రెండే గడులున్నాయి, "తేడా ఉంది", "తేడా లేదు". నిజాయితీగా ఆలోచించి రెండోదాని మీద నొక్కాను.

వారం తిరక్కుండా మా ప్రచార విభాగం ప్రకటన ఇచ్చింది. నికోటిన్ వల్ల మెదడు కణాల్లో ఏ మార్పూ రాదని మా కేంద్రంలో రుజువైందట. హిందీ పేపర్లో నా పేరు, హెల్మెట్టుతో నా ఫోటో వేశారు. సవరణ కోరుతూ దరఖాస్తు పెట్టాను. (పరిశీలనలో ఉంది. ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూపితే సవరిస్తారు. మళ్ళీ చేయడానికి చీకటి కావాలి.)

నాన్న ఆ కటింగును లామినేషన్ చేయించుకుని వచ్చాడు.

"సూసినావే! డాక్టరు ఉత్తినే బెదరగొట్టీసినాడు."

"నాన్నా, అది తప్పు. గదిలో లైటు వెలుగుతుండగా..."

"లైటుండగానే కదే సరిగ్గా అగుపడతాది!"

"నా మాట విను నాన్నా, డాక్టరు చెప్పినట్టు..."

"ఊరుకోయే. ఆడెవుడు? నువ్వు నా కూతురివి. గేటుకాడ అందరికీ సదివించాను. మా హేమ తేల్సీసింది, ఇంక బెంగ లేదురా అని సెప్పాను."

డబ్బీ తీసి హాయిగా ఖైనీ నలుపుకున్నాడు. వచ్చే సోమవారం మచ్చ చూపించుకోవడానికి ఆస్పత్రికి రానన్నాడు.

మా వంశంలో డిగ్రీ పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. నేను రాసినదాన్ని కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.